ఆదివారం సున్నా కాదు

ఒకే పనిని రెండోసారి చెయ్యమంటే నాకు ఒళ్లు మంట. చిన్నప్పుడు తప్పు రాసిన పదాన్ని ఇరవై సార్లు రాయమన్నారని, అయిదు పెన్నులకు కలిపి రబ్బరు బ్యాండు వేసి నాలుగు విడతల్లో పని ముగించాను. దానికి వేరే దెబ్బలు తిన్నాను. ఇలాంటి పిల్లలు పెద్దయ్యాక బద్ధకస్తులన్నా అవుతారు, ప్రోగ్రామర్లన్నా అవుతారు అంటుంది మా అమ్మ. ఆవిడ లెక్కలో ఆ రెంటికీ పెద్ద తేడా లేదు.

మాది శృంగవరపుకోట వైపు పల్లె. ఇంట్లో అందరూ వరి, చెరకు, నువ్వులు పండించినవాళ్లే. మా ఊరి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే అనంతగిరి కొండల్లో ఒక కాఫీ రైతుల సంఘం ఉంది. అందులో నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. "కొండెక్కి కంప్యూటరేటే? సిగ్నల్ కోసం సెట్టెక్కుతావేటి?" అని మా పెదనాన్న ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. చెట్టు ఎక్కలేదు గానీ, సంఘం షెడ్డులో ఒక్క కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ రాదన్న మాట నిజం. మొదటి వారంలోనే నా బల్లను ఆ కిటికీ కిందికి ఈడ్చుకున్నాను.

ఇక్కడ కాఫీ పళ్లు కోసి, తొక్క తీసి, కడిగి, గింజను పైపొరతో సహా ఎండబెడతారు. సంఘంలో ఉన్న ప్రతి గూడేనికీ ఒక ఆరబోత కళ్లం ఉంది. వెదురు కాళ్ల మీద వల పరిచిన పొడుగాటి బల్లలే కళ్లం. ఆడవాళ్లు రోజూ తేమ మీటరుతో గింజను కొలిచి, వచ్చిన అంకెను ఫోన్లో సంఘం యాప్‌లో వేస్తారు. యాప్ దాన్ని చూసి "ఇంకా ఎండాలి" అనో, "ఎండింది, బస్తాకెత్తండి" అనో చెబుతుంది. తొందరపడి ఎత్తితే గోదాములో బూజు పడుతుంది. మరీ ఆలస్యం చేస్తే గింజ పెళుసెక్కి విరిగిపోతుంది. అందుకని యాప్ మాటే వినాలని సంఘం నియమం పెట్టింది.

ఆ లెక్క కట్టే లైబ్రరీ రాసింది నేనే. లైబ్రరీ అంటే తనంతట తాను తెర మీదికి రాదు, వేరే ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకుంటాయి. తేమ మీటరు రోజుకో తీరుగా పలుకుతుంది గనక, నా లైబ్రరీ ఒక్క రోజు అంకెను నమ్మకుండా చివరి మూడు రోజుల సగటు చూస్తుంది. దాన్ని రస్ట్ అనే భాషలో రాశాను. అది చాదస్తపు భాష. ఒక విలువ ఉండొచ్చు, లేకపోనూ వచ్చు అన్నావా, లేనప్పుడు ఏం చెయ్యాలో చెప్పేదాకా నిన్ను అడుగు ముందుకు వెయ్యనివ్వదు. అందుకే నాకది నచ్చింది.

ఫోన్లో యాప్ మాత్రం కోట్లిన్ అనే వేరే భాషలో ఉంది. ఒకటి మాట్లాడితే ఇంకోటికి అర్థం కాదు. మధ్యలో ఒక పొర ఉండి, ఇవతలి ప్రశ్నను అవతలి భాషలోకి, అవతలి జవాబును ఇవతలి భాషలోకి మార్చాలి. దాన్ని బైండింగ్ అంటారు. సంతలో కొండ మనిషికీ మైదానం వర్తకుడికీ నడుమ నిలబడి ఇద్దరి మాటా చేరవేసే మనిషి పనే అది కూడా చేస్తుంది. యాప్ తయారు చేసిన కాంట్రాక్టు వాళ్లు ఆ పొరను చేత్తో రాసి, అప్పజెప్పి, మళ్లీ కనిపించలేదు. పని నడుస్తోంది కదా అని దాని జోలికి ఎవరూ పోలేదు.

ఇక అక్క సంగతి. బొర్రా రైలు కూత వినబడేంత దూరంలో ఒక చర్చి గూడెం ఉంది. తాతల నాటి మిషన్ చర్చి అది. అక్కడి కళ్లానికి పెద్ద ఒకావిడ, నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. అందరూ అక్క అంటారు గనక నాకూ అక్కే. మాట కరుకు, నవ్వు పెద్దది. ఆ గూడెంలో ఇదివరకు కళ్లం లేదు, పళ్లను పచ్చిగానే అమ్మేసేవారు. మా గింజ మేమే ఎండబెట్టుకుంటామని అక్క సంఘం చుట్టూ తిరిగి తిరిగి, ఒకరితో పోట్లాడి, ఇంకొకరిని బతిమాలి, ఆ కళ్లం సాధించింది. గూడెంలో ఆడవాళ్లందరికీ దాని మీద ఎంత మురిపెమో చెప్పలేను. ఎండ కాస్త తగ్గితే చాలు, పిల్లలకు దుప్పటి కప్పినట్టు గింజకు టార్పాలిన్ కప్పేవారు.

ఆ కళ్లం గింజకు ఆ సీజనులో రెండుసార్లు బూజు పట్టింది.

మా సెక్రటరీ గారు విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం మనిషి. చెడ్డవాడు కాదు, గోదాము బాధ్యత ఆయనది. రెండోసారి బూజు బయటపడ్డాక అక్కను షెడ్డుకు పిలిపించి, సోమవారం కమిటీలో ఆ కళ్లాన్ని ఎత్తేస్తామని చెప్పాడు. బల్లలు వేరే గూడేనికి ఇస్తారట. వీళ్లు మళ్లీ పచ్చి పళ్లే అమ్ముకోవాలట. నేను కిటికీ కింద కూర్చుని అంతా వింటున్నాను.

"ఫోను ఎండిందంది బాబూ. మా సేతికి పచ్చిగానే తగిలింది గానీ, ఫోను మాట ఇనమని మీరే సెప్పినారు" అంది అక్క.

"ఫోను అన్ని గూడేలకీ ఒకటేనమ్మా. మిగతా వాళ్ల బస్తాలకి పట్టని బూజు మీ బస్తాలకే ఎందుకు పట్టింది? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నాడాయన. అంతటితో ఆగినా బాగుండేది. అరుగు మీద నలుగురు రైతులు కూర్చుని వింటుండగా, "ఆదివారం మీ కళ్లంలో పిట్ట కూడా ఉండదు. ఎండబెట్టే రోజుల్లో సెలవులేమిటి? బద్ధకం కాకపోతే" అన్నాడు.

అక్క మొహం ఎర్రబడింది. "శనివారం సీకటడక ముందే పలసగా పరిసి, కప్పి మరీ ఎల్తాం. సర్చికెల్లడం బద్ధకమేటి?" అని, ఆయన జవాబు కోసం ఆగకుండా నా దగ్గరికి వచ్చింది. "ఆ లెక్క నువ్వే కదేటి రాసినావు? నీ లెక్కన్నా తప్పవ్వాల, మా కళ్లమన్నా తప్పవ్వాల. ఏదన్నదీ సోమారంలోగా తేల్సు" అంది.

నాకు ఉక్రోషం వచ్చింది. నా లెక్క తప్పంటే నాకెప్పుడూ వస్తుంది. కానీ ఆవిడ మెట్లు దిగి వెళ్తుంటే, ఉక్రోషం కన్నా భయం ఎక్కువైంది. నిజంగా నా లెక్కే తప్పయితే ఆ కళ్లం పోవడానికి కారణం నేనే అవుతాను.

మర్నాడు శనివారం. పొద్దున మంచు విడవక ముందే షెడ్డు తెరిచాను. అక్క గూడెం కొలతలన్నీ ఒక ఫైలులోకి దింపి, యాప్ ప్రమేయం లేకుండా, లాప్‌టాప్ నల్ల తెర మీద కమాండు కొట్టి నేరుగా నా లైబ్రరీనే అడిగాను. బూజు పట్టిన మొదటి దఫా గింజ గురించి "ఇంకా ఎండాలి" అంది. రెండో దఫా గురించీ అదే మాట అంది. అదే రోజున ఫోను ఏం చెప్పిందో యాప్ రికార్డులో చూస్తే "ఎండింది" అని ఉంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లైబ్రరీ ఒప్పుగానే ఉంది. ఫోను అడిగేదీ ఆ లైబ్రరీనే. అంటే నడుమన నిలబడి మాట చేరవేసేవాడు అబద్ధం చెబుతున్నాడు.

చేత్తో రాసిన ఆ పొరను తెరిచి చూశాను. నూలు ఉండలో పిల్లి పడినట్టుంది. బుద్ధిమంతులైతే వరుస వరుసా చదివి తప్పు ఎక్కడుందో పట్టుకునేవారు. నేను మొత్తం పక్కన పడేశాను. ఇలాంటి పొరను మనిషి కూర్చుని రాయక్కర్లేదని నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. దాన్ని పుట్టించే పరికరాలున్నాయి. లైబ్రరీలో బయటివాళ్లు పిలవదగ్గ పనులు ఏవేవో గుర్తు పెట్టి, కమాండు లైనులో ఒక్క వరుస కొడితే చాలు. ఆ పరికరం లైబ్రరీని చదువుకుని, అందులో ఉన్నది ఉన్నట్టుగా అవతలి భాషలో పొర రాసి ఇస్తుంది. లైబ్రరీ మారితే మళ్లీ అదే కమాండు కొట్టడమే. నా లాంటి బద్ధకస్తురాలి కోసం పుట్టినట్టుంటుంది.

మొదటిసారి కొడితే లైబ్రరీ కనబడలేదంది. ఎక్కడుందో తప్పు చెప్పింది నేనే. సరిచేసి మళ్లీ కొట్టాను. గ్లాసులో టీ చల్లారక ముందే కోట్లిన్ పొర తయారై కూర్చుంది. అదే ఊపులో భాష పేరు మార్చి ఇంకోసారి కొడితే, ఆఫీసు రిపోర్టులకు వాడే పైథాన్‌కి కూడా పొర వచ్చేసింది. పక్క గదిలో ఎవరూ లేరు గనక సరిపోయింది, ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

సంబరం అక్కడితో ఆగింది. కొత్త పొర పెట్టి యాప్ కట్టబోతే, కట్టనంది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. వాటి సారాంశం ఇది: ఇక్కడ కొలత లేకపోవచ్చు, లేనప్పుడు ఏం చెయ్యాలో నువ్వు చెప్పలేదు.

లేకపోవడమేమిటి, రోజూ కొలుస్తారు కదా అని విసుక్కున్నాను. విసుక్కుంటూనే కొలతల ఫైలు మళ్లీ తెరిచాను. పొద్దున లెక్క కోసం చూశానే గానీ, ఖాళీల కోసం చూడలేదు. అక్క గూడెం వరుసలో వారానికొకటి చొప్పున ఖాళీ గడి ఉంది. తేదీలు చూస్తే అన్నీ ఆదివారాలే.

చేత్తో రాసిన పాత పొరలో ఆ చోటు వెతికాను. ఇప్పుడు ఏం వెతకాలో తెలుసు గనక ఇట్టే దొరికింది. కొలత లేకపోతే సున్నా అనుకో, అని రాసి ఉంది. అంతే. శనివారం తేమ పదిహేను, ఆదివారం ఖాళీ, సోమవారం పద్నాలుగు. ఖాళీని వదిలేస్తే సగటు పద్నాలుగున్నర, పన్నెండుకు దిగాలి గనక గింజ పచ్చిదే. ఖాళీని సున్నా చేసి లైబ్రరీకి చెబితే సగటు పది కూడా లేదు. ఇంకేం, ఎండింది, ఎత్తండి. కొత్తగా పరిచిన గింజలో తేమ బాగా ఎక్కువ గనక ఒక సున్నా కలిసినా ఏమీ కాదు. ఎండడం ముగియబోయే వారంలోనే ఆ సున్నా ముంచుతుంది. సంతలో కొండావిడ "ధర ఇంకా అనుకోలేదు" అంటే, నడుమ మనిషి వర్తకుడికి "ఊరికే ఇస్తుందట" అని చేరవేసినట్టయింది. ఖాళీ ఉంటే సున్నా పెట్టకుండా "కొలవలేదు" అని చెప్పమని యాప్‌లో రాశాక ఎర్ర అక్షరాలు పోయాయి.

మరి మిగతా గూడేల్లో ఎందుకు కాలేదు? వాళ్ల వరుసలు చూశాను. ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. వీళ్లేమైనా సంతకు వెళ్లరా అని అనుమానం వచ్చి సంత రోజులు చూశాను. సంత రోజున అక్క గూడెంలో తప్ప ప్రతి గూడెంలోనూ, ముందు రోజు ఏ అంకె ఉందో సరిగ్గా అదే అంకె మళ్లీ ఉంది. కళ్లం వదిలి సంతకెళ్లి, సాయంత్రం వచ్చి, నిన్నటి అంకెనే ఇంకోసారి కొట్టేశారు. నేను పగలబడి నవ్వాను. ఆ తరవాత నవ్వు ఆగిపోయి కోపం వచ్చింది. అంకె కల్పించినవాళ్ల గింజ గోదాములో క్షేమంగా ఉంది.

ఆదివారం పొద్దున్నే అక్క గూడేనికి నడిచి వెళ్లాను. ఆరాధన నడుస్తోంది. వెనక చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. మాది గుళ్లకెళ్లే ఇల్లు, నాకు వాళ్ల పాటలు రావు. అయినా పక్కనున్న ముసలావిడ తన పాటల పుస్తకం సగం నా వైపు జరిపింది. బయటికి వచ్చాక అక్కను పక్కకు పిలిచి, "అక్కా, ఆదివారం గడి ఖాళీగా ఎందుకు ఒగ్గేస్తారు? శనివారం అంకే మళ్లీ ఏసీవచ్చు కదా" అని అడిగాను.

అక్క నన్ను వింతగా చూసింది. "కొలవని అంకె ఎలాగేస్తాం? అబద్ధం కాదేటి? ఖాళీగా ఉందంటే కొలవలేదని. ఎవులికన్నా తెలుస్తాది."

"ఫోనుకి తెలీలేదక్కా. ఖాళీని సున్నా అనీసుకుంది. మీ గింజ ఎండిపోనాదని మీకు అబద్ధం సెప్పింది" అన్నాను. కొండెక్కాక నాకు ఇంటి భాష తన్నుకొస్తుంది.

ఆవిడ ఆ మాటనే చుట్టూ చేరిన ఆడవాళ్లకు వాళ్ల ఆదివాసీ ఒడియాలో చెప్పింది. ఒకరిద్దరు నోరు నొక్కుకున్నారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే అబద్ధమాడనందుకేటి మా కళ్లం తీసేస్తన్నారు?"

"రేపు కమిటీకి రా అక్కా" అన్నాను.

"నానొక్కర్తినేటి, ఊరంతా వత్తాం" అంది.

అన్నట్టే వచ్చారు. సోమవారం షెడ్డు లోపల కమిటీ వాళ్లు, అరుగు మీద, మెట్ల మీద గూడెం ఆడవాళ్లు. సెక్రటరీ గారు ఆ జనాన్ని చూసి చిరాకుపడ్డాడు. నేను లాప్‌టాప్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. "సెక్రటరీ గారూ, నేను చెబితే నా లెక్కను నేను వెనకేసుకొస్తున్నానంటారు. మీరే కొట్టండి" అన్నాను.

ఆయన అనుమానంగానే ఒంటి వేలితో కమాండు కొట్టాడు. మొదట పాత పొరతో, అక్క గూడెం కొలతలు. "ఎండింది" అని వచ్చింది. "చూశారా" అన్నట్టు కమిటీ వైపు చూశాడు. తరవాత అవే కొలతలు కొత్త పొరతో కొట్టించాను. "ఇంకా ఎండాలి. ఒక రోజు కొలవలేదు" అని వచ్చింది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, నన్నడక్కుండానే రెండూ మళ్లీ కొట్టాడు. మళ్లీ అవే జవాబులు. ఇంకో గూడెం కొలతలు పెట్టి కొట్టాడు. అక్కడ పాతదీ కొత్తదీ ఒకే మాట చెప్పాయి.

"వాళ్లకి సరిగ్గా వస్తోందిగా" అన్నాడు, ఏదో దొరికినట్టు.

"వస్తుందండీ. వాళ్లకి ఖాళీలు లేవు. సంత రోజున కూడా లేవు" అని, ఆ వరుసలు పెద్దవి చేసి చూపించాను. పక్కపక్కన జంటలుగా ఒకే అంకెలు.

కమిటీలో మూలనున్న ఒక పెద్దాయన, ఆ గూడెం మనిషే, మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "సంతనాడు కళ్లంలో ఎవులుంటారు బాబూ? నిన్నటిదే ఏసీనాం. గింజకి తెలుస్తాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు, మెట్ల మీద ఆడవాళ్లు మరీ నవ్వారు. సెక్రటరీ గారికి కూడా నవ్వొచ్చింది, కానీ అక్క మొహం చూసి ఆపుకున్నాడు. అక్క నవ్వలేదు.

ఆయన లాప్‌టాప్ మూసేశాడు. కమిటీతో ఒక్క మాట గుసగుసగా మాట్లాడి, "సరేనమ్మా, తప్పు మీ వైపు లేదు. కళ్లం మీకే ఉంటుంది" అన్నాడు.

నాకు ఈల వెయ్యాలన్నంత సంతోషం పొంగింది. మెట్ల మీద అప్పుడే ఒకరి చేతులు ఒకరు పట్టుకుంటున్నారు. అక్క మాత్రం కదల్లేదు.

"ఉంటాదంటే సాలదు బాబూ. మొన్న ఇదే అరుగు మీద నలుగురు ఇంటన్నప్పుడు మమ్మల్ని బద్ధకస్తులన్నారు. కాదని కూడా అదే అరుగు మీద సెప్పండి" అంది.

ఆయన సంఘానికి సెక్రటరీ, వయసులో పెద్ద, అలవాటున మెత్తగా మాట్లాడే మనిషి కూడా కాదు. కాదంటాడేమో, మాట దాటేస్తాడేమో అనుకున్నాను. ఆయన లేచి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. అరుగు మీద నిలబడ్డాడు. మెట్ల మీది వాళ్లందరూ లేచారు.

"వీళ్లు బద్ధకస్తులు కారు. కొలిచినప్పుడు కొలిచామన్నారు, కొలవనప్పుడు లేదన్నారు. సంఘంలో అంకె కల్పించకుండా వేసిన కళ్లం ఇదొక్కటే. నేను అన్న మాట తప్పు" అన్నాడు, రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినబడేలా.

చప్పట్లు కొట్టింది ముందు ఆ మీసాల పెద్దాయనే. తరవాత అందరం కొట్టాం, నేను అందరికంటే గట్టిగా కొట్టాను. నా జీవితంలో ఒక కమాండుకు అంతమంది చప్పట్లు కొట్టింది అప్పుడే.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, ఆకాశం వైపు చూసింది. "మరి ఎల్తామండీ. ఎండ ఉండగానే గింజ తిరగెయ్యాల" అని మెట్లు దిగింది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి నన్ను కేకేసింది. "రాయే గుంటా, బేగి. ఆ కొత్తది నా ఫోన్లో పెట్టీసి మరీ ఎల్దువు గాని."

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వాళ్ల వెనక పరిగెత్తాను. మేం వెళ్లేసరికి కళ్లం మీద ఎండ నిండుగా ఉంది. నేను బల్ల పక్కన నిలబడి కొత్త యాప్ ఎక్కిస్తుండగా ఆడవాళ్లు టార్పాలిన్లు లాగేశారు. అక్క గింజ కొలిచి అంకె వేసింది. జవాబు పైకి చదివింది: "ఆదివారం కొలవలేదు. ఇంకా ఎండాలి."

"నిజమే సెప్పింది" అని ఫోను జాకెట్లో పెట్టుకుని, రెండు చేతులూ గింజలోకి దించింది.